ఊపిరితిత్తులలో రక్తపోటు - ఊపిరితో పీల్చే మందు ఎంతకాలం సురక్షితం?

రక్తపోటు అనగానే మనకు స్ఫురించేది చేతికి పట్టీ చుట్టి కొలిచే రక్తపోటు. మన సంఘ సమావేశాలలో భోజనాల వేళ నలుగురు పెద్దలు ఒక బల్ల చుట్టూ చేరితే, వారిలో ఇద్దరైనా దానికి వాడే మాత్రలను గురించి ముచ్చటించుకోకుండా ఉండరు. అయితే ఆ పట్టీకి అందని రక్తపోటు మరొకటి ఉన్నది. అది ఊపిరితిత్తుల రక్తనాళాలలో పుడుతుంది. చేతి రక్తపోటు చక్కగా ఉన్నవారిలో సైతం ఇది పెరిగి, నెమ్మదిగా గుండెను కుంగదీస్తుంది. దీనికి గడచిన పాతికేళ్ళలో వాడుకలోకి వచ్చిన చికిత్సలలో ఒకటి శ్వాసతో లోనికి పీల్చుకునే మందు. ఆ మందు ఏమిటి, ఏళ్ళ తరబడి వాడితే దాని మంచిచెడ్డలు ఏమిటి అని విచారించటమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

రెండు ప్రసరణలు

మన శరీరంలో రక్తం రెండు వలయాలుగా తిరుగుతుంది. గుండె ఎడమ భాగం ప్రాణవాయువు నిండిన రక్తాన్ని తల మొదలు అరికాళ్ళ వరకు పంపుతుంది. ఒళ్ళంతా చుట్టి వచ్చిన రక్తాన్ని కుడి భాగం పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపుతుంది. మొదటిది దూరప్రయాణం, దానికి 120/80 మిల్లీమీటర్ల పాదరసమంత పోటు కావాలి. రెండవది ఇరుగుపొరుగు ప్రయాణం. దానికి 25/10 సరిపోతుంది. కనుకనే ఎడమ జఠరిక గోడ దళసరిగాను, కుడి జఠరిక గోడ పలుచగాను ఉంటాయి.

గుండె కుడి భాగం నుంచి ఊపిరితిత్తులకు రక్తాన్ని తీసుకుపోయే నాళానికి పుపుస ధమని అని పేరు. విశ్రాంతిగా ఉన్న ఆరోగ్యవంతులలో దానిలోని సగటు పోటు 14 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ఇది 25 దాటితే జబ్బు అని వైద్యులు చాలాకాలం లెక్కించారు. 2018లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో జరిగిన ప్రపంచ సదస్సు ఆ హద్దును 20కి దించింది. ఈ పోటును నిర్ధారణగా కొలవాలంటే సిర గుండా సన్నని గొట్టాన్ని గుండె కుడి భాగంలోకి పంపవలసిందే. ఎకో పరీక్ష అనుమానాన్ని కలిగించగలదు కాని తుది తీర్పు చెప్పలేదు.

ఊపిరితిత్తులలోని సన్నని ధమనుల గోడలు మందమై, లోపలి దారి ఇరుకైనప్పుడు, పలుచని గోడలు గల కుడి జఠరిక ఎత్తైన కొండకు నీళ్ళు తోడవలసిన చిన్న మోటారు వంటిది అవుతుంది. కొంతకాలం కండ పెంచుకొని నెట్టుకువస్తుంది. తరువాత ఉబ్బి, అలసిపోతుంది. మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ, పాదాల వాపు, ముదిరిన పిమ్మట కళ్ళు తిరిగి పడిపోవటం దీని లక్షణాలు.

వయసు మీద పడిందనుకుంటే

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో మనుమలను చూడటానికి సిడ్నీ వచ్చిన ఒక తల్లిని ఊహించండి. రైల్వే స్టేషను మెట్ల దగ్గర రెండుసార్లు ఆగుతుంది. "వయసు మీద పడింది, ఇక్కడి చలి పడలేదు" అని తానే సమాధానం చెప్పుకుంటుంది. బిడ్డలూ సమాధానపడతారు. ఇటువంటి సమాధానాల ఖరీదెంతో ఆస్ట్రేలియాలోనే ఒక పరిశోధన తేల్చింది. కారణం తెలియని పుపుస ధమని రక్తపోటు గల 32 మంది రోగుల చరిత్రలను పరిశీలించి, 2013లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, తొలి లక్షణం కనిపించిన నాటి నుంచి నిర్ధారణ జరిగేసరికి సగటున 47 నెలలు గడిచాయి. అంటే సుమారు నాలుగేళ్ళు. ఈలోగా ఒక్కొక్కరు సగటున అయిదుసార్లకు పైగా కుటుంబ వైద్యుని, మూడుసార్లు నిపుణులను దర్శించారు. ఆయాసానికి ఉబ్బసం, స్థూలకాయం, ఆందోళన వంటి మామూలు కారణాలు ఎన్నో ఉండటం వలన ఈ అరుదైన కారణం మరుగున పడిపోతుంది.

పైగా ఈ రక్తపోటు ఒకే జబ్బు కాదు. వైద్యులు దీనిని ఐదు తెగలుగా విభజించారు. సన్నని ధమనులకే వచ్చే జబ్బు మొదటిది. గుండె ఎడమ భాగం చెడి, దాని వెనుకపోటు వలన వచ్చేది రెండవది. ఊపిరితిత్తుల జబ్బుల వలన వచ్చేది మూడవది. పేరుకుపోయిన రక్తపు గడ్డల వలన వచ్చేది నాలుగవది. మిగిలినవన్నీ ఐదవది. పెర్త్ శివారులోని ఆర్మడేల్ ప్రాంతంలో ఎకో పరీక్షల ఆధారంగా జరిగిన అధ్యయనం 2012లో వెలువడింది. అందులోనూ ఎక్కువ మందిలో కనిపించినది రెండవ తెగయే. మన పల్లెలలో చిన్ననాటి కీళ్ళవాత జ్వరం గుండె కవాటాన్ని పాడుచేసినవారికి, అదే బాధకు నేటికీ గురి అవుతున్న ఉత్తర ఆస్ట్రేలియాలోని ఆదివాసులకు వచ్చేదీ ఈ తెగయే. ఏ తెగకు చెందినదో తేల్చకుండా మందు మొదలుపెట్టటం ఎంత ప్రమాదమో ముందు ముందు చూద్దాము.

గొట్టం నుంచి తుంపర వరకు

1976లో జాన్ వేన్ పరిశోధనశాలలో ప్రోస్టాసైక్లిన్ అనే పదార్థం బయటపడింది. మన రక్తనాళాల లోపలి పొరే దీనిని తయారుచేస్తుంది. ఇది నాళాలను వదులు చేస్తుంది, రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది. 1982లో వేన్ నోబెల్ బహుమతిని పంచుకున్నారు. పుపుస ధమని రక్తపోటు గల రోగులలో ఈ పదార్థం కొరత ఉంటుందని గ్రహించిన పిమ్మట దానినే మందుగా ఇచ్చే ఆలోచన కలిగింది. 1995లో అమెరికా ప్రభుత్వం దీనిని ఎపోప్రాస్టెనాల్ అనే పేరుతో అనుమతించింది. 1980లలో జరిగిన అమెరికా జాతీయ నమోదును అనుసరించి ఈ జబ్బు గల వారిలో సగం మంది నిర్ధారణ తరువాత 2.8 సంవత్సరాలకు మించి జీవించలేదు. అటువంటి స్థితిలో ఈ మందు గొప్ప వరమే అయినది.

కాని వరంతో పాటు ఒక నిబంధన కూడ వచ్చింది. ఈ మందు రక్తంలో కొద్ది నిమిషాలకు మించి నిలవదు. కనుక రాత్రింబవళ్ళు పంపు ద్వారా, ఛాతీలోని పెద్ద సిరలో అమర్చిన గొట్టం గుండా అది ప్రవహిస్తూనే ఉండాలి. గొట్టం దగ్గర సూక్ష్మజీవులు చేరితే రక్తమంతా విషమిస్తుంది. పంపు ఆగితే పోటు ఒక్కసారిగా తిరగబడుతుంది. రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరిగే మందు కనుక చేతి రక్తపోటును సైతం తగ్గిస్తుంది.

జబ్బు ఊపిరితిత్తులలో ఉన్నప్పుడు మందును నేరుగా అక్కడికే ఎందుకు పంపరాదు? ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. ఉబ్బసానికి ఉమ్మెత్త ఆకు పొగ పీల్చటం మన దేశంలో పాత వాడుక; 19వ శతాబ్దపు తొలి ఏళ్ళలో అది మద్రాసులోని ఆంగ్ల వైద్యుల ద్వారా బ్రిటను చేరింది. మందును పొగగా కాక సన్నని తుంపరగా మార్చటం నేటి పద్ధతి. తుంపర బిందువులు ఒకటి నుంచి ఐదు మైక్రాన్ల పరిమాణంలో ఉండాలి. అంతకన్న పెద్దవి గొంతులోనే అంటుకుంటాయి. మరీ చిన్నవి ఊపిరితో తిరిగి వెలుపలికి పోతాయి. సరియైన బిందువులు వాయుకోశాలను చేరి, వాటిని అంటిపెట్టుకొని ఉన్న సన్నని ధమనులను వదులు చేస్తాయి.

ఇందులో మరొక సౌలభ్యం ఉన్నది. మందు గాలితో పాటే ప్రయాణిస్తుంది కనుక గాలి చక్కగా ఆడే భాగాలలోని రక్తనాళాలే విచ్చుకుంటాయి. గాలి ఆడని చోటికి రక్తం వృథాగా పోదు. నోటి ద్వారా, సిర ద్వారా ఇచ్చే మందులకు ఈ విచక్షణ లేదు.

ఇలోప్రాస్ట్ అనే మందు ఈ బాటలో ముందుగా వచ్చింది. జర్మనీలో 24 మంది రోగులు ఒక సంవత్సరం దీనిని పీల్చగా, ఆరు నిమిషాలలో వారు నడవగలిగిన దూరం సగటున 278 మీటర్ల నుంచి 363 మీటర్లకు పెరిగినట్లు 2000 సంవత్సరంలో ప్రకటించారు. 2002లో 203 మందిపై జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. 2003లో ఐరోపాలో, 2004లో అమెరికాలో అనుమతి లభించింది. దీని ప్రభావం గంట, గంటన్నరకు మించదు కనుక రోజుకు ఆరు నుంచి తొమ్మిదిసార్లు పీల్చవలసి ఉంటుంది. 2009లో అమెరికా అనుమతించిన ట్రెప్రాస్టినిల్‌ను రోజుకు నాలుగుసార్లు పీల్చితే చాలు.

పన్నెండు వారాలు చాలవు

అయితే 2002 నాటి పరీక్ష జరిగినది పన్నెండు వారాలు. ట్రెప్రాస్టినిల్ పరీక్ష జరిగినదీ పన్నెండు వారాలే. రోగి మాత్రం ఆ మందును జీవితాంతం పీల్చాలి. తొంభై రోజుల సాక్ష్యంతో పదేళ్ళ భవిష్యత్తుకు హామీ ఇవ్వవచ్చునా?

ఈ ప్రశ్న ఊరకే పుట్టినది కాదు. 1965లో స్విట్జర్లండు, ఆస్ట్రియా, పశ్చిమ జర్మనీ దేశాలలో అమినోరెక్స్ అనే బరువు తగ్గించే మాత్ర అమ్మకానికి వచ్చింది. కొద్ది ఏళ్ళలో అక్కడ పుపుస ధమని రక్తపోటు విపరీతంగా పెరిగింది. 1968లో ఆ మాత్రను ఉపసంహరించారు. ఈ జబ్బుపై 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జెనీవాలో తొలి సదస్సు జరపటానికి కారణం ఆ అనుభవమే.

పీల్చే మందుల విషయంలోనూ చేదు జ్ఞాపకాలు ఉన్నాయి. 1960వ దశకంలో ఇంగ్లండు, ఆస్ట్రేలియా, న్యూజిలాండు మొదలైన దేశాలలో ఉబ్బస మరణాలు హఠాత్తుగా పెరిగాయి. మామూలుకన్న ఐదురెట్ల గాఢత గల ఐసోప్రినలిన్ తుంపర అమ్ముడుపోయిన దేశాలలోనే ఇది జరిగిందని తరువాత గుర్తించారు. న్యూజిలాండులో 1976 తరువాత మరొకసారి మరణాలు పెరిగినప్పుడు, 1989లో వెలువడిన పరిశోధన ఫినోటెరాల్ అనే పీల్చే మందు వైపు వేలు చూపింది. దాని వాడకాన్ని అదుపు చేసిన పిమ్మట మరణాలు తగ్గాయి. పీల్చిన వెంటనే హాయినిచ్చిన మందే అతిగా వాడినప్పుడు ప్రాణం మీదికి తెచ్చింది. కనుకనే ఈనాటి పీల్చే మందులను ఏళ్ళ తరబడి కనిపెట్టి చూడవలసి వచ్చింది.

ఏళ్ళ తరబడి చూడగా

ట్రెప్రాస్టినిల్ పరీక్ష ముగిసిన తరువాత దానిని కొనసాగించిన 206 మంది వివరాలు 2011లో వెలువడ్డాయి. వారిలో రెండేళ్ళకు 91 శాతం మంది జీవించి ఉన్నారు. 53 శాతం మందికి దగ్గు, 34 శాతం మందికి తలనొప్పి కలిగాయి. వినటానికి బాగానే ఉన్నది కాని, ఇక్కడ పోల్చి చూడటానికి మందు పీల్చని జట్టు లేదు. మందు పడనివారు మధ్యలోనే తప్పుకుంటారు కనుక మిగిలినవారి లెక్క సహజంగానే మెరుగుగా కనిపిస్తుంది.

తరువాత జరిగిన మరొక అధ్యయనంలో ఈ మందు పీల్చేవారిని, ఈ జబ్బుకే ఇతర మందులు వాడేవారిని పక్కపక్కన ఉంచి చూశారు. ఇక్కడ రోగి-సంవత్సరం అనే కొలతను తెలుసుకోవాలి. ఒక రోగి ఒక సంవత్సరం మందు వాడితే అది ఒక రోగి-సంవత్సరం. పీల్చినవారి వైపు 958, ఇతరుల వైపు 1,094 రోగి-సంవత్సరాల అనుభవం పోగయింది. ప్రతి వంద రోగి-సంవత్సరాలకు దగ్గు పీల్చినవారిలో 16.2, ఇతరులలో 10.9, గొంతు మంట 4.5, 1.2, ముక్కులో బాధ 2.6, 1.3, కళ్ళెలో రక్తం పడటం 1.3, 0.6.

ఈ అంకెలను రెండు విధాల చదవవచ్చు. కళ్ళెలో రక్తం రెండింతలు అయిందని భయపడవచ్చు. వంద మంది ఒక ఏడాది వాడితే అదనంగా ఒక్కరికి కూడ నిండుగా రాలేదని ఊరట చెందవచ్చు. రెండూ నిజమే. ఈ మందు రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తుంది కనుక రక్తం పడటాన్ని తేలికగా తీసుకోరాదు. రక్తాన్ని పలుచబరిచే ఇతర మందులు వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. మరొక సంగతి: వంద మంది ఒక్కొక్క ఏడాది వాడినా, పది మంది పదేసి ఏళ్ళు వాడినా లెక్క వంద రోగి-సంవత్సరాలే. కాని మొదటి లెక్క పదవ ఏట ఏమి జరుగుతుందో చెప్పలేదు.

మందు హాని చేయకపోవటం ఒకటి, మందు చాలటం మరొకటి. జర్మనీలో ఇలోప్రాస్ట్ ఒక్కదానితోనే చికిత్స ప్రారంభించిన 76 మందిని అనుసరించి చూసిన వైద్యులు 2005లో ఒక కఠిన సత్యాన్ని వెల్లడించారు. మరణం, అవయవ మార్పిడి, వేరే చికిత్సకు మారటం లేక మరొక మందు చేర్చటం - వీటిలో ఏదీ సంభవించకుండా నిలిచినవారు ఏడాదికి 53 శాతం, మూడేళ్ళకు 20 శాతం మాత్రమే. మందు విషమై ఇది జరగలేదు. జబ్బు మందును దాటి ముందుకు పోయింది. ఒక్క మందును నమ్ముకొని, పరీక్షలు మాని, నిశ్చింతగా ఉండటం కూడ భద్రతకు భంగమేనని దీని వలన తెలుస్తున్నది. నేడు చాలామందికి రెండు మూడు రకాల మందులను కలిపి ఇవ్వటానికి కారణం ఇదే.

ఒకరి మందు మరొకరికి

తెగను తేల్చకుండా మందు మొదలుపెట్టరాదని పైన అన్నాను. 2021లో వెలువడిన ఒక పరీక్షలో, ఊపిరితిత్తుల కణజాలం మచ్చకట్టి గట్టిపడిన జబ్బు వలన పోటు పెరిగిన 326 మందికి పదహారు వారాలు ట్రెప్రాస్టినిల్ పీల్పును, ఉత్తుత్తి మందును పంచి ఇచ్చారు. అసలు మందు పీల్చినవారు ఆరు నిమిషాల నడకలో ఇతరులకన్న 31 మీటర్ల మేలు చూపారు. ఆ ఏడే అమెరికా ఈ వాడకాన్ని అనుమతించింది. అదే మందును, అదే పద్ధతిలో, పొగాకు మొదలైన వాటి వలన గాలి గొట్టాలు ఇరుకైన సి.ఓ.పి.డి. రోగులకు ఇచ్చిన పరీక్షను మాత్రం తీవ్రమైన దుష్ఫలితాలు పెరగటంతో మధ్యలోనే ఆపివేయవలసి వచ్చింది. దాని వివరాలు 2024లో ప్రచురితమయ్యాయి. రెండూ ఊపిరితిత్తుల జబ్బులే, రెండూ మూడవ తెగవే. ఒకరికి మేలు చేసినది మరొకరికి కీడు చేసింది. గుండె ఎడమ భాగం చెడిన రెండవ తెగ వారికి ఊపిరితిత్తుల నాళాలను హఠాత్తుగా వదులు చేస్తే, ముందున్న దారి మూసుకొని ఉండటం వలన ఊపిరితిత్తులలో నీరు చేరే ప్రమాదం ఉన్నది.

పీల్చే మందులలో ఒక వాయువు కూడ ఉన్నది. అది నైట్రిక్ ఆక్సైడ్. పుట్టిన వెంటనే ఊపిరితిత్తుల నాళాలు విచ్చుకోని శిశువులకు దీనిని ఇస్తారు. 1997లో వెలువడిన 235 మంది శిశువుల పరీక్షలో, కృత్రిమ ఊపిరితిత్తి యంత్రం అవసరమైనవారు 54 శాతం నుంచి 39 శాతానికి తగ్గారు. ఆ బిడ్డలను ఏడాదిన్నర, రెండేళ్ళ వయసులో తిరిగి పరీక్షించగా, ఈ వాయువు వలన ఎదుగుదల లోపాలు పెరగలేదని 2000లో ప్రకటించారు. దీర్ఘకాల భద్రతను నిరూపించటానికి రాజమార్గం ఇదే. అయితే ఈ వాయువును ఒక్కసారిగా ఆపితే పోటు మునుపటికన్న ఎక్కువగా తిరగబడవచ్చునని కూడ వైద్యులు గ్రహించారు. అందుకే మెల్లమెల్లగా తగ్గించి మాన్పిస్తారు. ఇలోప్రాస్ట్, ట్రెప్రాస్టినిల్ వాడేవారికీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

మనం చేయవలసినది

ఆస్ట్రేలియాలో ఈ జబ్బు మందులకు పి.బి.ఎస్. పథకం కింద ప్రభుత్వ సహాయం లభిస్తుంది. అందుకు గుర్తింపు పొందిన ఆసుపత్రులలో నిర్ధారణ జరగాలి. ఈ నిబంధన కొందరికి ఆలస్యమనిపించవచ్చు కాని, ఏ తెగ జబ్బో తేల్చకుండా మందు చేతికి రాకుండా ఇది కాపాడుతుంది. స్వదేశం నుంచి సందర్శకులుగా వచ్చే తల్లిదండ్రులకు మెడికేర్ గాని, ఈ సహాయం గాని లభించదు. కనుక వారు తమ మందులను వైద్యుని చీటీతో సహా వెంట తెచ్చుకోవాలి. మూడు నెలల వాడకానికి సరిపడినంత తెచ్చుకోవటానికి ఇక్కడి చట్టం అనుమతిస్తుంది. మందు అయిపోవస్తున్నదని రోజుకు ఒక మోతాదు దాచుకోవటం ఈ జబ్బులో పొదుపు కాదు, ప్రమాదం.

మందు పీల్చేవారు దగ్గు వచ్చిందని తమంతట తాము మానరాదు. పరికరం అమరిక, పీల్చే తీరు సరిచేస్తే దగ్గు తరచు తగ్గుతుంది. పరికరాన్ని చెప్పిన విధంగా శుభ్రం చేయాలి. కరెంటు పోయినా, బ్యాటరీ అయిపోయినా పనికివచ్చే ఏర్పాటు ఉంచుకోవాలి. ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతిని ముందే చెప్పాలి, ఏలయనగా తుంపర వలన గాలి గొట్టాలు బిగుసుకొనవచ్చును. కళ్ళెలో రక్తం పడినా, కళ్ళు తిరిగి పడిపోయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి చేరాలి.

ఇక మందు ప్రసక్తి లేని మనందరికీ ఒక మనవి. పీల్చే మందు ఎంతకాలం సురక్షితమన్న ప్రశ్నకు విజ్ఞానం ఇంతవరకు చెప్పిన సమాధానం ఆశాజనకమే: సరియైన రోగికి, సరియైన పర్యవేక్షణలో, దగ్గు, గొంతు మంట వంటి ఓర్చుకోదగిన ఇబ్బందులతో ఏళ్ళ తరబడి వాడవచ్చును. కాని 47 నెలలు ఆలస్యంగా వచ్చిన రోగికి ఎంత సురక్షితమైన మందైనా చేయగలిగినది కొద్దే. మీ ఇంట అమ్మగారో నాన్నగారో మెట్ల మధ్య ఆగి, "ఏమీ లేదు నాయనా, కాస్త ఆయాసం" అన్నప్పుడు వయసును నిందించి ఊరుకోకండి. వైద్యుని వద్దకు తీసుకువెళ్ళి, "ఈ ఆయాసానికి ఎకో పరీక్ష అవసరమా?" అని ఒక్క మాట అడగండి.